వ్యోమగామి జీవితచరిత్రము ఆధారముగా ప్రారంభ పఠన వ్యాకరణ బోధనము

ప్రాథమిక పాఠశాలలలో మాతృభాషాబోధనము రెండు తెరవుల నడచుచున్నది. ఒకటి వాచకపఠనము, రెండవది వ్యాకరణము. ఈ రెండును ఒకే భాషకు సంబంధించినవే యైనను బాలుని దృష్టిలో అవి వేర్వేరు శాస్త్రములుగా నిలిచిపోవుచున్నవి. వాచకమును చదువునప్పుడు అతనికి వ్యాకరణము గుర్తు రాదు; వ్యాకరణమును వల్లించునప్పుడు తాను చదివిన వాక్య మొక్కటియు జ్ఞప్తికి రాదు. 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీవిభక్తి' అని తడబాటు లేక అప్పగించు బాలుడే, అంతకుముందు చదివిన పాఠములో ఎవరు ఎక్కడికి పోయిరని అడిగినచో పుస్తకము వంక చూచును. అక్షరములు వచ్చినవి, అర్థము రాలేదు. సూత్రము వచ్చినది, ప్రయోగము రాలేదు. ఈ కొఱత పై తరగతులలో తానై తీరునది కాదు. చరిత్రము, భూగోళము, గణితము, ప్రకృతిశాస్త్రము అన్నియు వాక్యముల మూలముననే నేర్వవలసినవి గదా! వాక్యము పట్టుపడని బాలునికి ఆ శాస్త్రములన్నియు దూరమగును.

పఠనమును వ్యాకరణమును ఇట్లు విడదీయుట మన పూర్వుల పద్ధతి యని చెప్పుటకు వీలులేదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. ఒకే రచయిత ఒకవంక చదువుకొనుటకు గద్యగ్రంథమును, మఱియొకవంక ఆ భాషాస్వరూపమును తెలుపు లక్షణగ్రంథమును సమకూర్చెను. లక్ష్యము లేని లక్షణము నిలువదను సంగతి ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో బోధపడగలదు. అయితే నీతిచంద్రికలోని కథలు జంతువులను పాత్రలుగా గొన్న కల్పితకథలు. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది వేఱొక లక్ష్యము. అది జరిగిన చరిత్రము. అందును ఒక వ్యోమగామి జీవితచరిత్రము.

జీవితచరిత్రమునే యేల గ్రహింపవలెను? కల్పితకథలో నక్క తూర్పునకు పోయినను పడమరకు పోయినను కథకు పెద్ద లోటు లేదు. బాలుడు విభక్తిని మార్చి చెప్పినచో కథ కొంచెము మారును, అంతియే. జీవితచరిత్రమున అట్లు కాదు. అందు ప్రత్యయము తప్పినచో సత్యమే తప్పును. 'నుండి' అనవలసిన చోట 'కు' అన్నచో మనుష్యుడు పోయిన దిక్కు తారుమారగును. క్రియారూపము మారినచో ముందు జరిగినది వెనుకకు పోవును. కావున వ్యాకరణము పరీక్షకొఱకై పుట్టిన నియమముల మూట కాదనియు, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటకు మనకు గల సాధనమనియు బాలునికి తెలియజేయుటకు జీవితచరిత్రము మిక్కిలి తగినది. వ్యోమగామి చరిత్రమునకు మఱియొక సౌలభ్యము కలదు. అందు బయలుదేరుట, చేరుట, ఉండుట, తిరిగివచ్చుట అను నాలుగు పనులు స్పష్టమైన వరుసలో నుండును. ప్రతిపనికిని స్థలము, తేదీ, తోడివారు, వాహనము నిర్ణీతములు. వాక్యనిర్మాణమును నేర్పుటకు ఇంతకంటె అనువైన సామగ్రి అరుదు.

పాఠ్యభాగము

ఉదాహరణమునకు రాకేశ్ శర్మ చరిత్రమును గైకొందము. ఆయన పంజాబులోని పటియాలాలో జన్మించినను చదివినది హైదరాబాదునందు. అచ్చటి నిజాం కళాశాలలోను విద్యాభ్యాసము చేసెను. కావున తెలుగుబాలురకు ఈ చరిత్రము కొంత ఇంటి చరిత్రము వంటిది. నేటి పాఠ్యపుస్తకముల భాష శిష్టవ్యావహారికము గనుక మాదిరి పాఠమును, ఉదాహరణములను ఆ భాషలోనే ఇచ్చుచున్నాను. మూడవ నాలుగవ తరగతుల బాలురకు ఇది సరిపోవును.

"రాకేశ్ శర్మ 1949 జనవరి 13న పటియాలాలో పుట్టారు. హైదరాబాదులో చదివారు. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరారు. 1970లో భారత వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1982లో అంతరిక్షయాత్రకు ఎంపికయ్యారు. రవీష్ మల్హోత్రా కూడా ఎంపికయ్యారు. ఇద్దరూ సోవియట్ యూనియన్‌లో శిక్షణ పొందారు. 1984 ఏప్రిల్ 3న సోయూజ్ టి-11 నౌక బైకనూరు నుండి బయలుదేరింది. అందులో శర్మ, యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్ట్రెకాలోవ్ ఉన్నారు. మరునాడు ఆ నౌక సాల్యూత్-7 కేంద్రాన్ని చేరింది. అక్కడ అప్పటికే ముగ్గురు ఉన్నారు. శర్మ అక్కడి నుండి భారతదేశాన్ని ఫోటోలు తీశారు. యోగాసనాలు వేశారు. ఏప్రిల్ 11న సోయూజ్ టి-10 నౌకలో భూమికి తిరిగివచ్చారు."

ఇందలి వాక్యములు చిన్నవి. ఒక్కొక్క వాక్యమున ఒక్క సమాపకక్రియయే కలదు. ఇది బుద్ధిపూర్వకముగా చేసినది. వాక్యములను కలుపుట తరువాత బాలుడు చేయవలసిన పని. దానిని ఉపాధ్యాయుడు ముందే చేసి యుంచరాదు.

పఠనక్రమము

మొదట ఉపాధ్యాయుడు పాఠమును బిగ్గరగా చదివి వినిపింపవలెను. తరువాత బాలురు పదవిభాగముతో చదువవలెను. తెలుగులిపిలో బాలుని తొట్రుపఱచునవి ముఖ్యముగా ద్విత్వాక్షరములు, సంయుక్తాక్షరములు. 'ఇద్దరు', 'ముగ్గురు', 'పుట్టారు' అనునవి ద్విత్వములు గలవి. 'అంతరిక్షం', 'శిక్షణ', 'కేంద్రం', 'స్ట్రెకాలోవ్' అనునవి సంయుక్తములు గలవి. పాఠములోని ఈ పదములను బాలుడే రెండు వరుసలుగా విడదీసి వ్రాసినచో ఒత్తుల భేదము కంటికిని చేతికిని అలవడును. స్ట్రె అను నక్షరము మూడు హల్లులు కలిసినది. ఇది కఠినమైనను తొలగింపదగదు. మనుష్యుని పేరు గనుక దానిని సరిగా పలుకుట మర్యాద యని చెప్పినచో బాలుడు శ్రద్ధతో నేర్చుకొనును.

అన్యదేశ్యనామములు మఱియొక సంగతిని బోధించును. తెలుగు అజంతభాష. మన దేశ్యపదములు సామాన్యముగా అచ్చుతో ముగియును. 'సోయూజ్', 'సాల్యూత్', 'మాలిషెవ్' అనునవి పొల్లుతో ముగియుచున్నవి. హైదరాబాద్ అను పేరు మన నోట 'హైదరాబాదు' అయినట్లే సోయూజ్ 'సోయూజు' కాగలదు. బైకనూర్ 'బైకనూరు' కాగానే అది నెల్లూరు, గుంటూరు వంటి మన ఊరిపేరువలె వినబడును! 'నెల్లూరి నుండి' అనునట్లు 'బైకనూరి నుండి' అని బాలుడు వ్రాసిన యెడల అతనిని గద్దింపరాదు. మన ఊళ్ల పేర్లకు చెల్లు నియమమును అతడు కొత్తపేరునకు అన్వయించినాడు. ఆ పేరులోనిది మన 'ఊరు' కాదనియు, ఆ స్థలము నేటి కజకిస్తానములో నున్నదనియు చెప్పి, పటమున చూపినచో చాలును.

చదివిన పిదప ప్రశ్నలు వేయవలెను. ప్రశ్నలు మూడు మెట్లుగా నుండుట మేలు. 'శర్మ ఏ సంవత్సరంలో అకాడమీలో చేరారు?' అనునది పాఠములో నేరుగా జవాబున్న ప్రశ్న. 'ఏప్రిల్ 4న సాల్యూత్ కేంద్రంలో మొత్తం ఎందరు ఉన్నారు?' అనునది రెండు వాక్యములను కలిపి ఆలోచింపవలసిన ప్రశ్న. వెళ్లినవారు ముగ్గురు, ఉన్నవారు ముగ్గురు, వెరసి ఆరుగురు. 'వెళ్లిన నౌకలోనే శర్మ ఎందుకు తిరిగి రాలేదు?' అనునది పాఠము వెలుపలికి తీసికొనిపోవు ప్రశ్న. అక్షరములను మాత్రము చదివినవాడు మొదటిదానికి జవాబు చెప్పగలడు. రెండవదానికి చెప్పినవాడే చదివినవాడు.

విభక్తులు

పై మూడవ ప్రశ్న విభక్తిబోధనకు ద్వారము. శర్మ సోయూజ్ టి-11లో వెళ్లెను, టి-10లో వచ్చెను. కక్ష్యలో చాలకాలము నిలిచిన నౌకకు పని చేయు గడువు తీరవచ్చును. కావున కొద్దిరోజులకై వచ్చినవారు తమ కొత్తనౌకను అక్కడ నివసించువారికి విడిచి, పాతనౌకలో దిగివచ్చుట ఆనాటి పద్ధతి. ఈ కారణము తెలిసిన బాలునిచే 'శర్మ టి-11 ___ వెళ్లారు, టి-10 ___ వచ్చారు, బైకనూరు ___ బయలుదేరారు, భూమి ___ తిరిగివచ్చారు, భారతదేశం ___ ఫోటోలు తీశారు' అను ఖాళీలను నింపించవలెను. లో, నుండి, కి, ను అను ప్రత్యయములు నాలుగును తమతమ పనులలో నిలిచి కనబడును.

ఇచ్చట విభక్తులకు పేర్లు పెట్టుటకు తొందర పడరాదు. సంప్రదాయపట్టికలో కి, కు, లో అనునవి షష్ఠిలో చేరినవి. కాని 'భూమికి' అనునది గమ్యమును, 'నౌకలో' అనునది ఆధారమును తెలుపుచున్నవి. ఈ రెండు వేర్వేరు పనులకు ఒకే పేరేల యని బాలుడడిగినచో, సంస్కృతవిభక్తులతో తెలుగుప్రత్యయములను జతపఱచిన చరిత్రమంతయు చెప్పవలసివచ్చును. అది పై తరగతుల విషయము. ఎనిమిది తొమ్మిదేండ్ల బాలునికి పని ముందు, పేరు తరువాత. 'ఎక్కడికి?', 'ఎక్కడి నుండి?', 'దేనిలో?', 'దేనిని?' అను ప్రశ్నలే అతనికి విభక్తిపట్టిక. అదే సందర్భమున 'దేశం' అను పదము 'దేశాన్ని', 'దేశానికి' అని మాఱుటయు, 'నౌక' అను పదము 'నౌకను', 'నౌకకు' అని మాఱక నిలుచుటయు చూపవచ్చును.

కర్తృక్రియాన్వయము

పాఠములో 'శర్మ పుట్టారు', 'నౌక బయలుదేరింది', 'ఇద్దరూ శిక్షణ పొందారు' అను మూడు విధముల క్రియలున్నవి. మొదటిది గౌరవార్థక బహువచనము, మూడవది నిజమైన బహువచనము. రెండింటి రూపమొక్కటియే. 'ఎంపికయ్యారు' అనగా ఒక్కరా, ఇద్దరా? క్రియ చెప్పజాలదు, కర్తను వెదకవలెను. కర్త యనగా 'పని చేయువాడు' అను నిర్వచనమును వల్లించుటకంటె, కర్త తెలియనిచో అర్థము తేలని ఇట్టి వాక్యమును చూపుట మేలు. తరువాత 'బాలుడు రాకేశ్' అని ఆరంభించి అవే వాక్యములను వ్రాయింపవలెను. అప్పుడు 'చదివారు' అనునది 'చదివాడు' అగును.

దీనికి తోడు కల్పనా చావ్లా చరిత్రమును చేర్చినచో తెలుగుక్రియయందలి యొక విశేషము బయలుపడును. ఆమె హర్యానాలోని కర్నాలులో పుట్టి, అమెరికాకు పోయి, ఆ దేశపు పౌరురాలై, 1997లో మొదటిసారి కొలంబియా నౌకలో అంతరిక్షమునకు వెళ్లెను. రెండవయాత్ర ముగించి తిరిగివచ్చుచుండగా 2003 ఫిబ్రవరి 1న ఆ నౌక విచ్ఛిన్నమై, ఆరుగురు సహచరులతోపాటు మరణించెను. గౌరవవాచకము లేక చెప్పినచో 'కల్పన బయలుదేరింది', 'నౌక బయలుదేరింది' అని ఏకవచనమున స్త్రీవాచకమును జడవాచకమును ఒకే క్రియారూపమును గైకొనును. బహువచనమున అట్లు కాదు. 'మహిళలు బయలుదేరారు', 'నౌకలు బయలుదేరాయి' అని విడిపోవును. స్త్రీ ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను కూడుట తెలుగు సొంతలక్షణము. దీనిని సూత్రముగా చెప్పినచో బాలునికి గందరగోళము. నాలుగు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాయించినచో అతడే కనుగొనును.

అసమాపకక్రియలు

ఇక వాక్యములను కలుపుట. 'హైదరాబాదులో చదివారు. అకాడమీలో చేరారు. పైలట్ అయ్యారు' అను మూడింటిని 'హైదరాబాదులో చదివి, అకాడమీలో చేరి, పైలట్ అయ్యారు' అని కలిపినచో క్త్వార్థకము ప్రయోగింపబడినది. ఇది వరుసను మోయు రూపము. 'ఫోటోలు తీసి తిరిగివచ్చారు' అన్నదానిని 'తిరిగివచ్చి ఫోటోలు తీశారు' అని మార్చినచో పదములన్నియు అవియే, చరిత్రము మాత్రము అబద్ధమగును. 'భూమి చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీశారు' అన్నచో రెండు పనులు ఏకకాలమున జరిగినవి, ఇది శత్రర్థకము. ముందు, వెనుక, కూడ అను మూడు కాలసంబంధములు బాలునికి ఇట్లు క్రియాంతముల మూలముననే పట్టుపడును.

ఇచ్చట తఱచుగా దొరలు దోషమొకటి కలదు. 'నౌక బైకనూరు నుండి బయలుదేరి శర్మ సాల్యూత్‌ను చేరారు' అని బాలురు వ్రాయుదురు. క్త్వార్థకమునకును సమాపకక్రియకును సామాన్యముగా కర్త యొక్కడే కావలెను. బయలుదేరినది నౌక, చేరినది శర్మ యన్నచో వాక్యము కుంటుపడును. 'నౌక బైకనూరు నుండి బయలుదేరి సాల్యూత్‌ను చేరింది' అనియో, 'నౌక బయలుదేరిన మరునాడు శర్మ సాల్యూత్‌ను చేరారు' అనియో దిద్దవలెను. అయితే 'వాన కురిసి చెరువు నిండింది' అను వాక్యమున కర్తలు వేరైనను తెలుగువాడెవడును తప్పుపట్టడు. మొదటిపని రెండవపనికి కారణమైనప్పుడు భాష ఇట్టి సడలింపు నిచ్చును. ఉపాధ్యాయుడు ఈ ప్రయోగమును ఎఱిగియుండవలెను. లేనిచో బాలుడు ఇంట విన్న మంచి తెలుగునే తప్పని కొట్టివేయవలసివచ్చును.

ధాతుజవిశేషణమునకును ఈ చరిత్రమున చక్కని తావు కలదు. 'శర్మ వెళ్లిన నౌక టి-11. శర్మ తిరిగివచ్చిన నౌక టి-10.' ఒక్క విశేషణము మాఱినచో నౌకయే మాఱిపోవును.

వ్యతిరేకార్థము

రవీష్ మల్హోత్రా ఈ పాఠమున ఒక్క వాక్యములో కనబడి మరుగగుచున్నాడు. కాని భాషాబోధనకు ఆయన స్థానము పెద్దది. ఆయనయు శర్మతోపాటు అదే శిక్షణను పొందెను. శర్మ వెళ్లలేని పరిస్థితి యేర్పడినచో వెళ్లుటకు సిద్ధముగా నుండెను. ఆ పరిస్థితి రాలేదు. 'శిక్షణ పొందినా మల్హోత్రా అంతరిక్షానికి వెళ్లలేదు' అను వాక్యమున 'పొందినా' అనునది అప్యర్థకము. సంవత్సరములపాటు సాగిన శ్రమయు, దక్కని ఫలమును ఆ చివరి దీర్ఘములో ఇమిడియున్నవి. 'శర్మకు జబ్బు చేసి ఉంటే మల్హోత్రా వెళ్లేవారు' అన్నచో చేదర్థకము. జరుగనిదానిని జరిగినట్లు భ్రమ కలుగకుండ చెప్పుటకు భాషలో ఒక రూపమున్నదని బాలుడిచ్చట గ్రహించును.

'వెళ్లలేదు', 'వెళ్లలేరు' అనువాని భేదమును ఇప్పుడే చెప్పవలెను. మొదటిది పని జరుగలేదనుట, రెండవది శక్తి లేదనుట. మల్హోత్రా వెళ్లలేదు, వెళ్లలేనివారు కారు. ఈ రెండింటిని కలిపివేయుట భాషాదోషము మాత్రమే కాదు, మనుష్యునికి అన్యాయము. 'ఆమె వెళ్లలేదు' అను వాక్యమున గౌరవరూపము లేనందున రెండర్థములును పొసగును. సందర్భమును చూచియే నిర్ణయింపవలెను. పఠనమున సందర్భజ్ఞాన మేల కావలెనో తెలుపుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

అనుకృతి

శర్మ కేంద్రములో నున్నప్పుడు ప్రధానమంత్రి ఇందిరాగాంధి ఆయనతో సంభాషించెను. పైనుండి భారతదేశము ఎట్లు కనబడుచున్నదని ఆమె యడుగగా, ఆయన ఇక్బాల్ రచించిన ప్రసిద్ధగీతములోని తొలిపలుకులతో సమాధానమిచ్చెను. ఆ సంభాషణము హిందీలో జరిగినది. దీనిని ప్రత్యక్షకథనముగాను, పరోక్షకథనముగాను వ్రాయించవచ్చును. పరోక్షకథనమున 'అని' అను చిన్నపదము మోయు బరువు బాలునికి తెలియవలెను. ఒకరి మాట ఎక్కడ ముగిసి, చెప్పువాని మాట ఎక్కడ మొదలగునో చూపు గుర్తు అది. 'నేను పైలట్ అవుతాను' అని యొక బాలుడు పలికినచో, పరోక్షమున 'తాను పైలట్ అవుతానని చెప్పాడు' అగును. 'నేను' పోయి 'తాను' వచ్చినను క్రియ ఉత్తమపురుషముననే నిలుచును. ఇంగ్లీషు వ్యాకరణమును అనుసరించి క్రియను మార్చినచో తెలుగు చెడును.

పదములు, సంధులు

పదసంపద విషయమున వ్యోమగామి అను మాటతోనే ఆరంభింపవచ్చును. వ్యోమము ఆకాశము, గామి పోవువాడు. 'ఆస్ట్రోనాట్' అను గ్రీకుమూలపదమునకు నక్షత్రనావికుడనియు, సోవియట్లు వాడిన 'కాస్మోనాట్' అనుదానికి విశ్వనావికుడనియు అర్థము. ఆ పదములలోని 'నాట్' అను భాగమును, మన 'నౌక', 'నావికుడు' అను పదములును మూలమున చుట్టములు. సముద్రముపై పోవు ఓడ పేరు ఆకాశమున పోవు వాహనమునకు చెల్లుట చూచి బాలుడు సంతోషించును.

సంధులకు ఈ చరిత్రమున ఒక లెక్కయు ఉపకరించును. కేంద్రము దాదాపు 90 నిమిషములకొకమారు భూమిని చుట్టివచ్చును. 24 గంటలలో ఎన్ని సూర్యోదయములు? ఇంచుమించు 16. 'సూర్య + ఉదయము' గుణసంధి. 'సూర్య + అస్తమయము' సవర్ణదీర్ఘసంధి. నేలపై నున్నవానికి దినమునకొక్కమారు దొరకు ఉదాహరణములు అక్కడివానికి పదునాఱుమార్లు దొరకును. శర్మ యాత్రాకాలము 7 దినముల 21 గంటల 40 నిమిషములు. మొత్తము సూర్యోదయములెన్నియో లెక్కించి, జవాబును పూర్ణవాక్యమున వ్రాయుట మంచి గృహాభ్యాసము.

ఉపాధ్యాయునికి కొన్ని జాగ్రత్తలు

జీవితచరిత్రబోధనలో పొంచియుండు అపాయము అతిశయోక్తి. పొగడ్త పెరిగినకొలది వాస్తవము తగ్గును. వాస్తవము తగ్గినచో పైన చెప్పిన ప్రయోజనమే పోవును. దీనికి చక్కని ఉదాహరణము రెండు విశేషణములలో దొరకుచున్నది. రాకేశ్ శర్మ అంతరిక్షమునకు వెళ్లిన 'మొదటి' భారతపౌరుడు అనుట 1984లో సత్యము, నేడును సత్యము, ఎప్పటికిని సత్యమే. 'ఏకైక' భారతపౌరుడు అనుట నలుబది సంవత్సరములకు పైగా సత్యమై, నేడు అసత్యమైనది. రెండు విశేషణములును గౌరవముగనే వినబడును. ఒకటి కాలమునకు లోబడనిది, మఱియొకటి లోబడునది. పాత వాచకములను చదివించునప్పుడు ఈ భేదమును బాలురచేతనే పట్టించవలెను. అట్లే కల్పనా చావ్లాను 'భారతదేశంలో పుట్టి అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ' అనుట సరియైనది. 'భారతపౌరులలో మొదటి మహిళ' అనుట సరికాదు.

శాస్త్రవిషయముననూ మాట తూచి వాడవలెను. అంతరిక్షములో భూమ్యాకర్షణ లేదని బోధించుట వాడుక. కేంద్రము తిరుగు ఎత్తున భూమ్యాకర్షణ నేలపై నున్నదానిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు ఉండనే యుండును. కేంద్రమును, అందలి మనుష్యులును కలిసి నిరంతరము భూమివైపు పడుచు, దానితోపాటు ముందుకు సాగుచుండుటచే బరువు తెలియదు. 'ఆకర్షణ లేదు', 'బరువు తెలియదు' అను రెండు వాక్యములును వ్యాకరణరీత్యా నిర్దుష్టములే. ఒకటి అసత్యము, రెండవది సత్యము. వ్యాకరణము సత్యమును చెప్పుటకు సాధనమే కాని, సత్యమునకు ప్రత్యామ్నాయము కాదని ఉపాధ్యాయుడు మఱువరాదు.

ఒక్క పాఠముననే పైవన్నియు నేర్పవలెనని నా యభిప్రాయము కాదు. పఠనమునకు, ప్రశ్నలకు మొదటివారము, విభక్తులకు, అన్వయమునకు రెండవది, వాక్యసంయోజనమునకు మూడవది, వ్యతిరేకమునకు, అనుకృతికి నాలుగవది. పదముల పని నాలుగు వారములును సాగవచ్చును. క్త్వార్థకము, అప్యర్థకము వంటి పేర్లు చిట్టచివర రావలెను. అప్పటికి ఆ రూపములతో బాలునికి పరిచయము కలిగియుండును. పేరు దానికి గుర్తుగా నిలుచును. మాసాంతమున పాఠమును మూసివేసి, తన తాతను గూర్చియో, ఊరిలోని యొక నేతకారుని గూర్చియో పది వాక్యములు వ్రాయుమని బాలునికి చెప్పవలెను. ఆయన ఎక్కడ పుట్టెను, ఎక్కడికి పోయెను, ఏమి చేసి ఏమి చేయలేకపోయెనో అడిగి తెలిసికొని వ్రాయవలెను.

ఆ పది వాక్యములే ఈ బోధనకు పరీక్ష. అందు 'నుండి', 'కు' అనునవి తమతమ చోట్ల నుండి, ముందు జరిగినది ముందుగా, జరుగనిది జరుగనట్లుగా వ్రాయబడినచో, ఆ బాలుడు షష్ఠీవిభక్తిని అప్పగింపలేకపోయినను అతనికి తెలుగు వచ్చినట్లే. ఆకాశమునకు పోయినవాని చరిత్రమును చదివి, తన ఇంటివాని చరిత్రమును తప్పు లేకుండ చెప్పగలిగినచో వాచకమును వ్యాకరణమును తిరిగి ఒక్కటియైనవని భావింపవచ్చును.